బావ పేరున లైసెన్సు, నా పేరున అప్పు

తిరుపతి దగ్గరి పల్లెకు చెందిన ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాం.

ఆయనకు 36 ఏళ్ళు. ఫుడ్ టెక్నాలజీ చదివి, బెంగళూరులో ఒక మైక్రోబ్రూవరీలో (కాచిన బీరు అక్కడే అమ్మే చిన్న ప్లాంటు) ఎనిమిదేళ్ళుగా బీరు కాచే పనిలో ఉన్నారు. భార్య ఉద్యోగం అక్కడే, పాప రెండో తరగతి. 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన కొత్త బార్ పాలసీలో అక్క భర్తకు లాటరీలో బార్ వచ్చింది. అది రేణిగుంట వైపు, తిరుపతి కార్పొరేషన్ హద్దు లోపల ఉంది, 60 సీట్లు. ఏడాదికి అరకోటి పైన ఫీజు కడుతున్న బావగారు దానికి అనుబంధంగా మైక్రోబ్రూవరీ పెడదాం, నువ్వొచ్చి చూసుకో, లాభంలో సగం నీది అంటున్నారు. 500 లీటర్ల బ్రూహౌస్ (బీరు కాచే పాత్రలు), 1000 లీటర్ల ఫెర్మెంటర్లు (పులియబెట్టే ట్యాంకులు) ఆరు, మొత్తం కోటీ 40 లక్షలని కొటేషన్ వచ్చింది. అందులో బావగారివి 20 లక్షలు, ఈయన దాచుకున్నవి 40 లక్షలు. మిగతా 80 లక్షలు 11 శాతం వడ్డీకి, ఐదేళ్ళ గడువుతో, బంగారుపాళెం దగ్గరున్న నాలుగెకరాల తోతాపురి తోట తనఖా పెట్టి తేవాలి. తోట నాన్నగారి పేరున ఉంది. ఆయన దేవస్థానంలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. "కొండ కింద కూచోని సారాయి కాస్తానంటావేంరా? పైగా నా తోట పెట్టి?" అని నెల రోజులుగా కొడుకుతో సరిగా మాట్లాడడం లేదు. ఉత్తరంలో అడిగినవి రెండు. నాన్న మాట విని మానుకోవాలా? ప్రభుత్వం మారినప్పుడల్లా మారే ఈ చట్టాలను నమ్మి ఇంత డబ్బు పెట్టవచ్చా? చివర్లో ఇంకో మాట కూడా ఉంది: తోటలోని షెడ్డులో 20 లీటర్లు కాచి బావగారి స్నేహితులకు రుచి చూపిస్తే పెట్టుబడి ఇంకొంచెం వస్తుందేమోనని.

మీరు చివర రాసిన షెడ్డు సంగతే ముందు చెప్పాలి, ఈ వారమో వచ్చే వారమో చేసేలా ఉన్నారు కాబట్టి. ఆ పని చేయకండి. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 34వ సెక్షన్ కింద నేరం. సొంతానికా అమ్మకానికా, 20 లీటర్లా 2000 లీటర్లా అన్నది తర్వాతి మాట. కేసు మీమీద పడితే లైసెన్సున్న బావగారి దరఖాస్తు కూడా చిక్కుల్లో పడుతుంది. బెంగళూరు నుంచి కెగ్గులో పోసుకుని పలమనేరు మీదుగా తెచ్చినా అంతే. అది ఈ రాష్ట్రంలో సుంకం కట్టని మద్యం. రుచి చూపించాలంటే బావగారినీ ఆయన స్నేహితులనూ బెంగళూరుకే పిలవండి. యజమాని అనుమతితో అక్కడి ప్లాంటులోనే ఒక బ్యాచ్ కాయండి. దానికి కావలసిన 40 లీటర్ల నీళ్ళు మాత్రం రేణిగుంట బార్ బోరు నుంచి క్యాన్లలో పట్టుకెళ్ళండి. తిరుపతి నీళ్ళు బెంగళూరు వెళ్ళొచ్చు, బెంగళూరు బీరు తిరుపతి రాకూడదు. మీకు నిజంగా తెలియాల్సింది కూడా ఆ నీళ్ళ సంగతే. అక్కడికి తర్వాత వస్తాను.

ఇప్పుడు చట్టం. ఎన్నాళ్ళు ఇట్లా ఉంటుందని అడిగారు. మన రాష్ట్రంలో జరిగింది చూడండి. 1993 అక్టోబరులో సారా నిషేధం. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. 2019 అక్టోబరు 1 నుంచి ప్రైవేటు షాపులు పోయి ప్రభుత్వ దుకాణాలు వచ్చాయి, షాపు పక్కనే తాగే పర్మిట్ రూములు మూతపడ్డాయి. 2020 మేలో ధరలు రెండు విడతల్లో 75 శాతం పెంచారు. 2024 అక్టోబరు 16 నుంచి మళ్ళీ ప్రైవేటు షాపులు, లాటరీలో 3,396. 2025లో పర్మిట్ రూములు తిరిగొచ్చాయి, బార్లకు మూడేళ్ళ కొత్త పాలసీ వచ్చింది. ఈ మార్పుల్లో ఏదీ చిన్న బ్రూవరీని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. కానీ ప్రతి మార్పూ దాని మెడకు చుట్టుకుంటుంది. పెద్ద బీరు కంపెనీకి నాలుగు రాష్ట్రాల్లో ప్లాంట్లుంటాయి, ఒకచోట గేటు పడితే ఇంకోచోటికి లారీలు మళ్ళిస్తుంది. మైక్రోబ్రూవరీ కాచిన బీరు అక్కడే గ్లాసులో పోసి అమ్ముకోవాలి. ఆ తలుపు మూస్తే ట్యాంకులో ఉన్నది మోరీకే.

ఇక్కడ ఒక తేడా గమనించండి. షాపుల పాలసీ మారితే మీకు పరోక్షంగా తగులుతుంది, బార్ పాలసీ మారితే నేరుగా తగులుతుంది. పర్మిట్ రూము తిరిగొచ్చిందంటే, షాపులో కొన్న సీసా అక్కడే నిలబడి బార్ రేటు కన్నా తక్కువలో తాగేయొచ్చు. బార్‌లో సీసా బీరు అమ్మకం దెబ్బ తినేది అందుకే. బావగారికి అకస్మాత్తుగా మైక్రోబ్రూవరీ మీద మనసు పోవడానికి కారణం నా అంచనాలో ఇదే. పర్మిట్ రూములో దొరకని సరుకు ఏదో ఒకటి ఆయనకు కావాలి. ఆలోచన తప్పేమీ కాదు. కాకపోతే ఆ అవసరం ఆయనది, అప్పు మీది.

బావగారి బార్ లైసెన్సు గడువు 2028 ఆగస్టు 31తో తీరుతుంది. అనుబంధంగా వచ్చే మైక్రోబ్రూవరీ లైసెన్సు దాని మీదే నిలబడుతుంది. మైక్రోబ్రూవరీ దరఖాస్తు, ప్లాను ఆమోదం, కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకూ నడపడానికీ రెండు సమ్మతులు, ఫుడ్ లైసెన్సు, మెషినరీ తయారీ, బిగింపు, తొలి బ్యాచ్ పులియడం, ఇవన్నీ అయ్యి తొలి గ్లాసు పోసేసరికి చేతిలో మిగిలేది రెండేళ్ళు. ఐదేళ్ళ అప్పు తెచ్చి రెండేళ్ళ లైసెన్సు మీద పెడుతున్నారు. మీ ఉత్తరం మొత్తంలో నాకు భయం వేసింది ఇక్కడే.

లెక్క వేద్దాం. 80 లక్షలు, 11 శాతం, 60 నెలలు: నెలకు లక్షా 74 వేలు. రెండేళ్ళు ఒక్క వాయిదా తప్పకుండా కట్టినా 2028 ఆగస్టు నాటికి ఇంకా 53 లక్షలు బాకీ ఉంటుంది. ఆ రోజు బావగారికి లాటరీ తగలకపోతే, లేదా పాలసీలో మైక్రోబ్రూవరీ మాటే లేకపోతే, ఆ 53 లక్షలకు జవాబు చెప్పేది మామిడి తోట. అదే అప్పు రెండేళ్ళలో తీర్చాలంటే నెలకు 3 లక్షల 73 వేలు. మీరే వేసుకున్న లెక్కలో సరుకు, సుంకం, పన్ను పోను లీటరుకు 150 రూపాయలు మిగులుతుంది, జీతాలు, కరెంటు, మరమ్మతులు కలిపి నెలకు 2 లక్షల 30 వేలు. ఐదేళ్ళ వాయిదాతో నష్టం లేకుండా నడవాలంటే నెలకు 2,700 లీటర్లు, అంటే రోజుకు 180 అర లీటరు గ్లాసులు అమ్మాలి. రెండేళ్ళ వాయిదాతో అయితే 4,000 లీటర్లు, రోజుకు దాదాపు 270 గ్లాసులు. ఇది శనివారం లెక్క కాదు, మంగళవారం మధ్యాహ్నాన్ని కూడా కలుపుకున్న సగటు. 60 సీట్ల బార్‌లో అందరూ మీ బీరే అడగరు. 180 కష్టం మీద సాధ్యం, 270 నేను నమ్మను. బెంగళూరు ఇందిరానగర్ అమ్మకాలతో పోల్చకండి. తిరుపతికి రోజూ వచ్చే జనంలో ఎక్కువమంది దర్శనానికి వచ్చినవాళ్ళు, వాళ్ళు మీ గిరాకీ కాదు. మీ గిరాకీ ఊళ్ళో ఉద్యోగస్తులు, వ్యాపారులు, శ్రీసిటీ వైపు నుంచి వారాంతంలో వచ్చేవాళ్ళు.

మీ కొటేషన్‌లోని ప్లాంటు ఎంత కాయగలదో కూడా చూడండి. ట్యాంకు నింపి, పులియబెట్టి, చల్లబరిచి, ఖాళీ చేసి, కడిగి మళ్ళీ నింపడానికి ఏల్ రకాలకు (త్వరగా పులిసే బీర్లకు) సగటున 18 రోజులు పెట్టుకుంటే, ఆరు వెయ్యి లీటర్ల ట్యాంకులు నెలకు 10,000 లీటర్లిస్తాయి. మీకు కావలసింది 2,700. మిగిలిన స్టీలుకు ఊరికే వడ్డీ కడతారు. 300 లీటర్ల బ్రూహౌస్‌తో, ఒక్కోటి రెండు కాపుల్లో నిండే 500 లీటర్ల ఫెర్మెంటర్లు నాలుగు పెడితే అదే లెక్కన నెలకు 3,300 లీటర్లు. అడుగు మడ్డి, పైపుల్లో ఉండిపోయేది పది శాతం తీసేసినా 3,000 చేతికొస్తాయి. పైగా గోధుమ బీరు మూడు నాలుగు వారాలు దాటితే వాసన మందగిస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. వెయ్యి లీటర్లు అమ్ముడుపోక కూర్చుంటే ఆ ట్యాంకు రుచి, పేరు రెండూ పోతాయి.

ట్యాంకు పరిమాణానికి చట్టంతో ఇంకో లంకె ఉంది. సుంకం వేసే పద్ధతులు రెండు. ఒకటి అమ్మిన లీటర్ల మీద, రెండోది ప్లాంటు సామర్థ్యం మీద, మీరు కాచినా కాయకపోయినా. మొదటి పద్ధతిలో పెద్ద ట్యాంకుతో నష్టం వడ్డీ వరకే. రెండో పద్ధతిలో ఖాళీ ట్యాంకుకు కూడా సుంకం కడతారు. అందుకే మెషినరీకి అడ్వాన్సు ఇవ్వకముందే జిల్లా ఎక్సైజ్ కార్యాలయానికి వెళ్ళి మైక్రోబ్రూవరీ నిబంధనల జీవో, దానికి వచ్చిన సవరణలన్నీ కాగితం మీద తీసుకోండి. సుంకం దేని మీద, ఎప్పుడు కట్టాలి, లైసెన్సు ఏడాది మధ్యలో మొదలైతే ఫీజు పూర్తిగానా దామాషాగానా, శాంపిల్ పరీక్ష ఎక్కడ, పాడైన బ్యాచ్ పారబోయాలంటే ఎవరి సమక్షంలో పారబోయాలి, ఈ జవాబులకు పక్కన రూల్ నంబరు రాసుకోండి. ఎవరో నోటిమాటగా చెప్పింది లెక్కలోకి తీసుకోవద్దు. పారబోత సంగతి చిన్నదనుకోకండి. ఇన్స్పెక్టరు రాకముందే పులిసిపోయిన బ్యాచ్ మోరీలోకి వదిలితే, రికార్డులో ఉన్న 500 లీటర్లు ఎక్కడికి పోయాయో చెప్పలేక అవస్థపడేది బ్రూయరే.

స్థలం కాగితాలు కూడా అక్కడే తేల్చుకోండి. రైల్వే స్టేషన్, బస్టాండు నుంచి లీలామహల్, నంది సర్కిల్ మీదుగా అలిపిరి వరకూ యాత్రికుల దారిలో షాపులకు చోటు లేదు. మీది ఆ దారిలో లేదు, మంచిదే. ఇక హైవే సంగతి. 2016 డిసెంబరు సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జాతీయ, రాష్ట్ర రహదారి అంచు నుంచి 500 మీటర్ల లోపల మద్యం అమ్మకూడదు, 20 వేల లోపు జనాభా ఉన్న చోట దాన్ని 2017 మార్చిలో 220 మీటర్లకు తగ్గించారు. మున్సిపల్ ప్రాంతాల్లోని లైసెన్సులకు ఇది అడ్డు కాదని 2017 జులైలో కోర్టే చెప్పింది. మీ బార్ నిలబడింది ఆ 'కార్పొరేషన్ హద్దు లోపల' అన్న ఒక్క మాట మీద. ఆ సర్వే నంబరుకు కార్పొరేషన్ నుంచి ధ్రువపత్రం తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.

ఇక బావగారి ఒప్పందం. లాభంలో సగం అన్నమాట వినసొంపుగా ఉంది కానీ లైసెన్సు మీద మీ పేరు లేదు. ఒకరి లైసెన్సు మీద ఇంకొకరు వాటా తీసుకుని నడపడం సబ్‌లీజు కింద లెక్కకొస్తే లైసెన్సే పోవచ్చు. వాటా కావాలంటే ఎక్సైజ్ శాఖ అనుమతితో, ఫీజు కట్టి, భాగస్వామిగా పేరెక్కించుకోవాలి. అలా ఎక్కితే లాభంతో పాటు బార్ బకాయిలకూ మీరు బాధ్యులవుతారు. ఫీజు వాయిదా తప్పినా, కల్తీ కేసు పడినా అంతే. రెండో దారి నాకు మెరుగ్గా కనిపిస్తోంది. మెషినరీ మీ సొంత సంస్థ పేరున కొని, రాతపూర్వకంగా బార్‌కు అద్దెకివ్వండి. బ్రూయర్‌గా జీతం వేరే తీసుకోండి. అద్దె అమ్మకాల్లో శాతంగా కాకుండా నెలకు ఇంతని ఉండాలి. పన్ను పరంగా కూడా ఇందులో ఒక వెసులుబాటు ఉంది. తాగే మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, కాబట్టి బార్ పేరున మెషినరీ కొంటే కట్టిన 18 శాతం జీఎస్టీకి క్రెడిట్ రాదు. 70 లక్షల మెషినరీ మీద 12 లక్షల 60 వేలు ఒక్కసారిగా ఖర్చు రాసుకోవడమే. అద్దెకిచ్చే సంస్థ కొంటే, ఆ అద్దె మీద జీఎస్టీ ఉంటుంది కాబట్టి కొన్నప్పటి పన్నును దానికి సర్దుకోవచ్చు. అద్దె మీది పన్నుకు బార్‌కు క్రెడిట్ రాదు, ఆ భారం ఎక్కడికీ పోదు, నెలనెలా పడుతుంది. అయినా మొదటి రోజే 12 లక్షలు చేతిలోంచి పోకపోవడం చిన్న విషయం కాదు. ఇది రూలుకు సరిపోతుందో లేదో ఎక్సైజ్ కార్యాలయంలో, లెక్క మీ ఆడిటరు దగ్గర ఖాయం చేసుకున్నాకే సంతకం పెట్టండి. ఒప్పందంలో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: ఏ కారణం వల్ల లైసెన్సు ఆగినా 30 రోజుల్లో మెషినరీ తీసుకెళ్ళే హక్కు మీది. అక్క ముఖం చూసి ఈ వాక్యం వదిలేస్తే, రేపు మాట పడేది కూడా అక్కే.

తీసుకెళ్ళే హక్కు ఉంటే సరిపోదు, తీసుకెళ్ళడానికి వీలుగా కూడా ఉండాలి. బార్ అద్దె భవనంలో ఎపాక్సీ ఫ్లోరింగు, గ్రానైట్ గోడలు, భూమిలో పాతిన స్టీలు పైపులు, ఇవన్నీ అద్దెకొంపకు పాలరాయి పరిపించినట్టే. డబ్బు సిమెంటులో కాకుండా స్టీలులో ఉంచండి. బ్రూహౌస్, పంపు, హీట్ ఎక్స్ఛేంజర్ ఒకే స్కిడ్ (ఇనుప చట్రం) మీద బిగించి ఇమ్మనండి. కీళ్ళన్నీ వెల్డింగు కాకుండా విప్పి బిగించే ట్రై-క్లాంప్ పెట్టించండి, ట్యాంకుల మధ్య గొట్టాలు ఫుడ్ గ్రేడ్ రబ్బరువి చాలు. ట్యాంకులు 304 గ్రేడు స్టీలువి, 2 బార్ (ఒత్తిడి కొలత) ఒత్తిడికి సరిపడేవి, ఒక్కోదానికి హైడ్రో టెస్టు (నీళ్ళ ఒత్తిడి పరీక్ష) సర్టిఫికెట్టు ఉండాలి. ఆ కాగితం లేని సెకండ్‌హ్యాండు ట్యాంకును తెలిసిన బ్రూయరెవరూ మంచి ధరకు కొనరు. వేడికి స్టీము బాయిలరు పెట్టకండి, దాని అనుమతులు మళ్ళీ వేరే శాఖలో. 300 లీటర్లను 20 డిగ్రీల నుంచి మరుగు దాకా తేవడానికి 28 యూనిట్లు కావాలి. 24 కిలోవాట్ల ఎలక్ట్రిక్ ఎలిమెంట్లు గంటా పావులో ఆ పని చేస్తాయి. ఆ లోడుకు, చిల్లరుకు (ట్యాంకులను చల్లబరిచే యంత్రం) కలిపి కనెక్షను పెంచమని విద్యుత్ సంస్థకు ముందే దరఖాస్తు పెట్టుకోండి. మెషినరీ వచ్చి కూర్చుని ట్రాన్స్‌ఫార్మరు కోసం ఎదురుచూడడం చాలాచోట్ల జరిగేదే.

తిరుపతిలో బీరు కాయడానికి బెంగళూరులో అవసరం పడని జాగ్రత్తలు రెండు కావాలి. మొదటిది ఎండ. గ్లైకాల్ చిల్లరు సామర్థ్యాన్ని మామూలుగా 35 డిగ్రీల గాలికి లెక్కకట్టి అమ్ముతారు. మేలో ఇక్కడ 42, 43 మామూలే, మేడ మీద రేకుల పక్కన ఇంకా ఎక్కువ. అక్కడ ఆ చిల్లరు సగం పని చేసి ట్రిప్పవుతుంది. ఆ రాత్రి 19 డిగ్రీల్లో ఉండాల్సిన ట్యాంకు 26కు చేరితే ఈస్టు ఘాటైన వాసనలు వదులుతుంది, ఇక తిరిగి బాగుచేసే దారి లేదు. ఆర్డరులో '45 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు' అని రాయించండి, చిల్లరును జనరేటరు లైనుకు కలపండి. రెండోది నీళ్ళు. బోరు నీళ్ళు గట్టివి, ఆర్వో తప్పదు. ఆర్వో చేశాక నీళ్ళు మరీ చప్పిడి అయిపోతాయి, మాష్ (వేడినీళ్ళలో నానిన మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) సరిగా దిగదు, ఈస్టు సరిగా అడుగుకు పేరుకోదు. 700 లీటర్ల ఆర్వో నీళ్ళకు 90 గ్రాముల జిప్సం, 80 గ్రాముల కాల్షియం క్లోరైడు కలిపితే కాల్షియం 60 పీపీఎం దగ్గరికొస్తుంది. గోధుమ బీరుకు అక్కడ మొదలుపెట్టి సర్దుకోండి. చిన్న ప్లాంట్లలో లీటరు బీరుకు ఏడెనిమిది లీటర్ల నీళ్ళు పోతాయి, ఆర్వో వదిలేసేది దానికి అదనం. నెలకు 3,000 లీటర్ల బీరుకు కావలసినన్ని నీళ్ళు బోరు ఎండాకాలంలో ఇవ్వగలదా అన్నది ఏప్రిల్లో కొలిచి చూడాల్సిన విషయం. కాచాక మిగిలే మాల్టు తడి పిప్పి మాత్రం ఇక్కడ భారం కాదు. 100 కిలోల మాల్టుకు 120, 130 కిలోల పిప్పి వస్తుంది, పాడి ఉన్న రైతులు తీసుకెళ్తారు. కాకపోతే ఆ రోజే ఎత్తాలి, మర్నాటికి పులిసి బర్రెలు ముట్టవు.

మీ తోటలోని తోతాపురి గుజ్జు వేసి బీరు చేస్తానన్నారు. చేయొచ్చు, రుచిగానే ఉంటుంది, కానీ గీత చూసుకోండి. ఆహార భద్రతా నిబంధనల్లో 5 శాతం ఆల్కహాలు దాటితే అది స్ట్రాంగ్ బీరు. 500 లీటర్ల 4.8 శాతం బీరులో 14 బ్రిక్సు (చక్కెర శాతం) గుజ్జు 50 కిలోలు కలిపితే పలచబడటం, చక్కెర పులియడం రెండూ పోను 5.1 దగ్గర ఆగుతుంది. బోర్డు మీద మైల్డ్ అని రాసి అమ్మితే శాంపిల్లో దొరికిపోతారు. మూలం 4.5 ఉంటే 4.8, 4.9 దగ్గర నిలుస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఇప్పుడనుకున్నట్టే కోటీ 40 లక్షలతో దిగడం ఒకటి. 2028లో అన్నీ కలిసొస్తే లాభమే, రాకపోతే తోట పోతుంది. రెండోది, ప్లాంటును 300 లీటర్లకు తగ్గించి, అప్పు ఎంత వాడినా 2028 ఆగస్టులోపు తీరేటట్టు మాత్రమే తెచ్చి, తోటను అసలు తనఖా పెట్టకపోవడం. మెషినరీ మీదే తనఖా ఇస్తామంటే బ్యాంకు తక్కువ ఇస్తుంది, వడ్డీ ఒకటి రెండు శాతం ఎక్కువ అడుగుతుంది. ఆ తేడా భరించదగ్గదే. లాభం చిన్నది, పడితే దెబ్బా చిన్నది. మూడోది, ఉద్యోగం వదలకుండా, బావగారే పెట్టుబడి పెట్టుకుంటే మీరు రెసిపీలు, ప్లాంటు డిజైను, మనిషికి శిక్షణ ఇచ్చి నెలకు రెండుసార్లు వచ్చి చూడడం. ఫీజు తక్కువే, కానీ పాప బడి, మీ భార్య ఉద్యోగం కదలవు. ఇందులో చిక్కల్లా మీరు లేని రోజు ట్యాంకు చెడితే పేరు మీది పోవడం. అందుకని రోజువారీ ఉష్ణోగ్రత, గ్రావిటీ (ఎంత పులిసిందో చెప్పే సాంద్రత) మీ ఫోనుకు వచ్చేలా పెట్టించాలి.

నాలుగో దారి మీరు ఉత్తరంలో తీసిపారేశారు కానీ నేను తీసిపారేయను. అదే స్టీలుతో మద్యం కానివి చేయడం. ఆల్కహాలు 0.5 శాతం లోపుంటే ఎక్సైజ్ బాధ లేదు, ఫుడ్ లైసెన్సు చాలు. ఇందులో గోతి పన్ను దగ్గర ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పండ్ల రసంతో చేసిన గ్యాసు పానీయాలకు 40 శాతం జీఎస్టీ, గ్యాసు లేని మామిడి గుజ్జు పానీయానికి 5 శాతం. మీరు ఊహించుకున్న 'మామిడి సోడా' మొదటి గుంపులో పడుతుంది, దానికి దూరంగా ఉండండి. దీని మీద వెంటనే బతకలేరు. అయితే లైసెన్సు ఆగిన నెలల్లో ట్యాంకులు ఖాళీగా ఉండకుండా కాపాడుతుంది. బిహార్‌లో 2016 ఏప్రిల్లో నిషేధం వచ్చినప్పుడు ప్లాంట్లకు ఇలాంటి రెండో పని ముందే సిద్ధంగా ఉండటం ఎంత అవసరమో తెలిసొచ్చింది.

నేనైతే రెండో దారికి, దానికి తోడు నాలుగోదాన్ని కాగితం మీద సిద్ధంగా ఉంచుకోవడానికి మొగ్గుతాను. మీ ఇంట్లో పరిస్థితి మీకు తెలుసు, మూడోది ఎంచుకున్నా తప్పు పట్టలేను.

నాన్నగారి సంగతి. ఆయన అన్న వాక్యంలో రెండు అభ్యంతరాలున్నాయి, మీరు మొదటిదాన్నే విన్నారు. కొండ కింద మద్యం వ్యాపారం అన్నది ఆయన నమ్మకం. ఉద్యోగమంతా స్వామి సన్నిధిలో చేసిన మనిషి అలా అనుకోవడం సహజం. వాదించి మార్చలేరు, మార్చాల్సిన అవసరమూ లేదు. ఎనిమిదేళ్ళుగా మీరు బెంగళూరులో ఇదే పని చేస్తుంటే ఆయన ఊరుకున్నారు కదా. రెండోది "నా తోట పెట్టి" అన్న మాట. అందులో ఆయన నూటికి నూరుపాళ్ళూ సరైనవారు. 2025లో తోతాపురి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇప్పించాల్సి వచ్చిందంటే తోట మీద ఆదాయం ఎంత పలచగా ఉందో ఆయనకు తెలుసు. పోతే మళ్ళీ కొనలేమని కూడా తెలుసు. తోట తనఖా పెట్టడం లేదని ముందు చెప్పి, తర్వాత మిగతా మాట మొదలుపెట్టండి. పూర్తిగా ఒప్పుకోకపోవచ్చు. కనీసం సంతకం కోసం కాకుండా ఊరికే మాట్లాడుకునే వీలు దొరుకుతుంది.

చివరగా, రెండో దారి ఎంచుకుంటే ఒప్పందంతో పాటే ముగింపు క్యాలెండరు కూడా రాసి బావగారి చేతికివ్వండి. పాలసీ ప్రకటనలు సాధారణంగా ఆఖరి వారాల్లోనే వస్తాయి. 2028 ఆగస్టు 31 అర్ధరాత్రి ట్యాంకులో బీరు ఉండి, చేతిలో కొత్త లైసెన్సు లేకపోతే అది అనుమతి లేని నిల్వ. కాబట్టి ఏప్రిల్ నుంచి మాల్టు, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) రెండు నెలలకు మించి కొనొద్దు. లాగర్ రకాలు (చల్లగా, ఎక్కువ రోజులు పులిసేవి) మే చివరితో ఆపేయండి. ఏల్ చివరి కాపు జులై 15. ఆగస్టు 20కి ట్యాంకులు ఖాళీ చేసి, కాస్టిక్‌తో కడిగి, ఆరబెట్టి, రిజిస్టరు మూసి ఇన్స్పెక్టరు సంతకం తీసుకోండి. కొత్త లైసెన్సు సెప్టెంబరులో వచ్చినా మీకు పోయేది నాలుగైదు వారాల అమ్మకం, దాన్ని మొదటి నుంచే లెక్కలో రాసుకోండి.